మందు ముట్టరాదు

ఇప్పుడు ఫ్యాక్టరీల గేటు దగ్గర గొట్టంలో ఊదిస్తున్నారట. ఊదగానే ఒక అంకె కనబడుతుందట, దాన్నిబట్టి మనిషి లోపలికి పోవాలో ఇంటికి పోవాలో తేలిపోతుందట. మొన్న ఇద్దరు యూనియన్ వాళ్ళు మా ఇంటికి వచ్చి, ఆ గొట్టం విషయమై యాజమాన్యంతో చర్చలు జరుగుతున్నాయనీ, మా కాలంలో ఇటువంటి గొడవలు ఉండేవా అనీ అడిగారు. లేకేం! మాకు గొట్టం బదులు ఒక ఆడమనిషి ముక్కు ఉండేది. దానికి కరెంటు అక్కర్లేదు, రిపేరు రాదు, సిఫార్సు పనిచేయదు. ఆ ముక్కు గురించీ, నా చేతిరాత పుణ్యాన ఒక గని మొత్తం ఆగిపోయిన రోజు గురించీ వాళ్ళకు చెప్పిందే మీకూ చెబుతున్నాను. చర్చలకు పోయేముందు చదువుకుంటే మీకు నష్టమేమీ లేదు.

యాభైల చివరి మాట. తాడిపత్రికి ఆరేడు మైళ్ళ దూరంలో ఒక నాపరాళ్ళ గనిలో నేను హాజరు గుమాస్తాను. ఎస్సెస్సెల్సీ పాసయ్యాను, దస్తూరి గుండ్రంగా ఉంటుంది. ఈ రెండు నేరాలకు గాను నన్ను యూనియన్‌కు కార్యదర్శిని చేశారు. పొద్దున కంపెనీ పుస్తకంలో హాజరు వేసేదీ నేనే, సాయంత్రం కంపెనీ మీద అర్జీ రాసేదీ నేనే. కలం నాది, సిరా మాత్రం రెండు పనులకూ కంపెనీదే.

గని అంటే లోతైన గుంత అనుకోకండి. బండనేల మీద పరుచుకున్న పెద్ద పల్లం. పైన నిలువెత్తు చెత్తరాయి ఉంటుంది. దానికి రంధ్రాలు తొలిచి, మందు కూరి, వత్తి అంటించి పేలుస్తారు. ఆ చెత్త ఎత్తేశాక కింద పొరలు పొరలుగా నాపరాయి దొరుకుతుంది, దాన్ని గడ్డపారలతో లేపి లారీలకెక్కిస్తారు. పేల్చే పని చూసేవాణ్ణి మందు మేస్త్రి అనేవాళ్ళం. అతను పేల్చకపోతే మిగతా నలభై మంది గడ్డపారల మీద గడ్డాలు ఆనించుకుని నిలబడాల్సిందే.

మా మందు మేస్త్రి యాభై దాటిన మనిషి. ఎడమచేతికి రెండు వేళ్ళు లేవు. చాలా ఏళ్ళ కిందట వత్తి ఆరిపోయిందనుకుని దగ్గరికి పోతే, అది ఆరిపోలేదు. అయినా ఆ చుట్టుపక్కల అతన్ని మించిన పనివాడు లేడు. బండను చిన్న సుత్తితో తట్టి, చెవి ఆనించి వినేవాడు. "అడిగితే రాయి చెప్తాదప్పా, మనకే అడిగే ఓపిక ల్యా" అనేవాడు. బజారులో అతను ఎదురైతే ఎంత పెద్దమనిషైనా పక్కకు తప్పుకునేవాడు. అది గౌరవమని మేస్త్రి అనుకునేవాడు. సంచిలో ఏముందోనన్న భయమని మిగతా అందరికీ తెలుసు.

ఇక తాగుడు సంగతి. చట్టప్రకారం అప్పట్లో మా జిల్లాలో సారాయి లేదు. మద్యనిషేధం. అయితే గనికి రెండు ఫర్లాంగుల్లో ఒక వంక ఉంది, వంకలో తుమ్మచెట్లున్నాయి, తుమ్మచెట్ల వెనక కుండలున్నాయి. ఆ వంకలో నీళ్ళు పారడం నేను ఏడేళ్ళలో రెండుసార్లు చూశాను. వానలు ఎగ్గొట్టిన ఏడు శెనక్కాయ ఎండిపోయేది, బావులు ఎండిపోయేవి, సారాయి మాత్రం ఒక్క ఏడూ ఎండలేదు.

ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక పొద్దున మేస్త్రి నా బల్ల ముందుకొచ్చి హాజరు చెప్పాడు. నేను తలెత్తలేదు. ఎత్తాల్సిన పని లేకుండానే వాసన వచ్చింది. నాకు ఆ రోజు జలుబు కూడా లేదు. పెద్దవాడు, యూనియన్ సభ్యుడు, పైగా అతన్ని వెనక్కి పంపితే నలభై మందికి పని ఉండదు అని నాకు నేనే మూడు కారణాలు చెప్పుకుని హాజరు వేశాను. నాలుగో కారణం నా పిరికితనం. దాన్ని అప్పుడు లెక్కలోకి తీసుకోలేదు.

ఆ రోజు మేస్త్రి ఒక రంధ్రంలో దోసెడు మందు ఎక్కువ కూరాడు. ఎర్రగుడ్డ ఊపారు, ఈల వేశారు, అందరం ఎప్పుడూ నిలబడే చోటికి పోయి చెవులు మూసుకున్నాం. మా కంటే ఇంకా వెనక, నీళ్ళకుండల పందిరి కింద మాకు నీళ్ళు పోసే ఆమె కూర్చుని ఉంది. భర్త సారాయి వల్లే చనిపోయాడు, ఒంటరి మనిషి. నీళ్ళామె అనేవాళ్ళం, పిలిచేటప్పుడు అక్కా అని పిలిచేవాళ్ళం. సరిగ్గా ఆ సమయానికి ఒక మేక వచ్చి పక్కకుండలో మూతి పెట్టింది. ఆమె దాన్ని తిడుతూ లేచి నాలుగడుగులు తరిమింది. రోలంత రాయి మా తలల మీదుగా పోయి ఆమె కూర్చున్న చోట పడింది. కుండ ముక్కలైంది, పందిరి కూలింది.

మేస్త్రి అందరికంటే ముందు పరుగెత్తాడు. ఆమె రాయి వంక చూసింది, పెంకుల వంక చూసింది, ఎదురుగా రొప్పుతున్న మేస్త్రి వంక చూసి ముక్కు ఎగబీల్చింది. "పొద్దున్నే తాగినావు గదన్నా" అంది. తర్వాత ఆ మేకను రెండు చేతులతో పట్టుకుని నేల మీద కూలబడింది. మేక కూడా ఎందుకో అరవలేదు. మేస్త్రి ముఖం చూడలేక నేను నా హాజరు పుస్తకం వంక చూసుకున్నాను.

మేనేజరు గుంటూరు వైపు మనిషి. ఇస్త్రీ మడత చెదరని పంచె, మడత చెదరని మాట. చెడ్డవాడు కాడు. అజీర్తి మనిషి, బీరువాలో ఎప్పుడూ పులియబెట్టిన ఆయుర్వేద అరిష్టం సీసా ఒకటి ఉండేది. సాయంత్రానికల్లా నోటీసు అంటించాడు: మేస్త్రిని పనిలోంచి తీసేస్తున్నాం, రేపటి నుంచి గేటు దగ్గర వాచ్‌మన్ అందరి నోళ్ళూ వాసన చూస్తాడు, వాసన వచ్చినవాడు ఆ క్షణమే బయటికి. మేస్త్రి ఆ నోటీసును చదివించుకుని, తువ్వాలు దులుపుకుని ఇంటికి పోయాడు. ఆ వయసులో, ఎనిమిది వేళ్ళతో, రాయి పేల్చడం తప్ప మరో పని తెలియని మనిషికి ఇంకో చోట ఎవరు పనిస్తారు? అదే మాకు దిగులు.

మా యూనియన్ అధ్యక్షుణ్ణి అందరం భాయి అనేవాళ్ళం. బండలు నరికే పనివాడు, ఐదు పూటలా నమాజు చేసే మనిషి. సారాయి సీసా మూతను కూడా జన్మలో ముట్టలేదు. అయినా తాగేవాళ్ళ తరఫున ఆయన వాదించినట్టు తాగేవాళ్ళే వాదించుకోలేరు, మధ్యలో ఏడుపొస్తుంది వాళ్ళకి. "తాగింది తప్పే. తప్పుకు శిక్షుండల్ల, శిక్షకు ఒక కొలతుండల్ల. పదాండి, మాట్లాడదాం" అన్నాడు. మర్నాటి నుంచి మూడు రోజులు మేనేజరు గదిలో చర్చలు. అవి రంజాన్ రోజులు. భాయి గొంతులో నీటిచుక్క పోయకుండా వాదించేవాడు. మేనేజరు అది చూసి మర్యాద కొద్దీ తన కాఫీ మానుకునేవాడు. దాంతో ఇద్దరికీ కోపం తొందరగా వచ్చేది.

మొదటి పేచీ, వాసన ఎవరు చూడాలని.

"వాచ్‌మన్ చూస్తాడండీ" అన్నాడు మేనేజరు.

"వాచ్‌మన్ నోరు ఎవురు చూస్తారు సార్?" అన్నాడు భాయి.

తలుపు దగ్గర నిలబడ్డ వాచ్‌మన్ రెండడుగులు వెనక్కి వేశాడు. మేనేజరు అది గమనించి, "పోనీ, మన గుమాస్తాగారు చూస్తారు. ఎలాగూ హాజరు వేసేది ఆయనే కదా" అన్నాడు.

భాయి నా వైపు తిరిగి గడ్డం నిమురుకున్నాడు. "ఈయనకు ముక్కు పనిచేయదు సార్. ఆ పొద్దు మేస్త్రి వచ్చి నిలబడింది ఈయన ముందరే గదా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. కానీ ఆయనకు తెలుసని నాకు తెలిసిపోయింది. మేస్త్రి పొట్ట మీద కొట్టే కాగితం మీద చర్చిస్తూ, నా సంగతి దాచుకుని కూర్చోవడం ఆ గదిలో నాకే రోతగా అనిపించింది. "ముక్కు పనిచేసిందండి. వాసన తెలిసింది. తెలిసే హాజరు వేశాను" అన్నాను.

మేనేజరు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. నన్ను మూడు రోజులు సస్పెండు చేశాడు. చర్చలకు మాత్రం రమ్మన్నాడు. అలా గుమాస్తాగా నేను గేటు బయట, కార్యదర్శిగా గది లోపల. ఆ మూడు రోజులకు నాకు హాజరు వేయాలా వద్దా అన్నది ఇప్పటికీ తేలలేదు.

చివరికి భాయే అన్నాడు: "నీళ్ళక్కను పెట్టండి సార్. ఆమెకు ఎవురి మింద పక్షముంటాది? రాయి పడింది ఆమె మిందనే గదా." మేనేజరు ఆలోచించి సరేనన్నాడు. ఆమెను పిలిపించారు. ఆమె గడపలోనే నిలబడి విన్నది.

"చూస్తా. అయితే అందర్నీ చూస్తా. గేటు దాటేటోడు ఎవురైనా సరే నోరు తెరవల్ల. నాకు కొత్త కుండ కావల్ల" అంది.

"తప్పకుండానమ్మా" అని మేనేజరు నవ్వాడు. ఆ నవ్వు ఆయన దాచుకుని ఉండాల్సింది.

రెండో పేచీ శిక్ష. ఒక్కసారి వాసనొస్తే ఉద్యోగం పోవాల్సిందేనని మేనేజరు. "తాగినోణ్ణి ఇంటికంపితే ఇంటికి పోతాడనుకుంటాండారా సార్? తిన్నగా వంకలోకి పోతాడు" అని భాయి. ఒకటిన్నర రోజు లాగి లాగి, మొదటిసారి దొరికితే ఆ రోజు పేల్చే పని దగ్గరికి రానివ్వకుండా చెత్తరాయి మోయించాలనీ, రెండోసారి మూడు రోజులు పనిలేదనీ, మూడోసారి దొరికితే యూనియన్ నోరెత్తదనీ ఒప్పుకున్నారు. మేస్త్రిది ఒప్పందానికి ముందు జరిగింది కాబట్టి లెక్కలోకి రాదు. అతను మళ్ళీ పనిలోకి రావచ్చు. ఆ మాట విని నాకు గుండె బరువు దిగింది.

మూడో పేచీ దగ్గరే మా కొంప మునిగింది. అది పేచీ అని కూడా మాకు తెలియలేదు.

మూడో రోజు సాయంత్రం అనంతపురం నుంచి లేబర్ ఆఫీసరు బస్సులో వచ్చాడు. ఆయన ఎదుట ఒప్పందం రాయాలి. రాసేది ఎవరు? దస్తూరి ఉన్నవాడు. నేను "పనివేళల్లో ఏ కార్మికుడూ సారాయి" అని మొదలుపెట్టగానే మేనేజరు నా చెయ్యి పట్టుకున్నాడు. "సారాయి అని రాస్తే మన గనిలో సారాయి దొరుకుతోందని మనమే ఒప్పుకున్నట్టవుతుందండీ. రేపు పోలీసులు వచ్చి కూర్చుంటారు" అన్నాడు. ఆఫీసరు కూడా తలూపాడు. చట్టప్రకారం జిల్లాలో లేని వస్తువును ప్రభుత్వ కాగితంలో ఉన్నట్టు రాయడం ఆయనకూ కుదరదు.

"మత్తుపదార్థం" అన్నాను. "బీడీ మత్తు కాదా? పొగాకు కాదా? నశ్యం కాదా? ఉండేటోళ్ళందర్నీ పీకేస్తారు రేపు" అన్నాడు భాయి. ఆఫీసరు బల్ల మీదున్న తన నశ్యం డబ్బీని మెల్లిగా జేబులోకి జారవిడిచాడు. "పానీయం" అన్నాను. అయితే మజ్జిగ సంగతేమిటన్నారు. నాకున్న తెలుగంతా అయిపోయింది.

అప్పుడు మేనేజరు, "ఎందుకండీ ఇంత తంటా? మందు అని రాయండి. మా వైపు పాలేరు దగ్గర్నుంచి ప్లీడరు దాకా అందరికీ అర్థమవుతుంది" అన్నాడు.

ఆ 'మా వైపు' అన్న మాటలో ఉన్న గొయ్యి నాకు కనబడలేదు. కిటికీలో పొద్దు కుంకుతోంది, భాయి చూపంతా దాని మీదే ఉంది. ఆఫీసరు చూపు ఆఖరి బస్సు మీద ఉంది. నా చూపు నా గుండ్రటి అక్షరాల మీద ఉంది. "పనివేళల్లో ఏ కార్మికుడూ మందు ముట్టరాదు. ముట్టినవారిపై పైన చెప్పిన విధంగా చర్య తీసుకొనబడును" అని రాశాను. చూసుకుంటే ఎంతో ముచ్చటగా ఉంది.

బయట అందరినీ కూర్చోబెట్టి చదివి వినిపించాను. కబురు పెడితే మేస్త్రి కూడా వచ్చి వెనక వరసలో కూర్చున్నాడు. అంతా విన్నాక లేచి, "ఆ ముట్టరాదనే ముక్క ఇంగోతూరి చదువప్పా" అన్నాడు. నా భాష నచ్చిందనుకుని నేను గొంతు సవరించుకుని మరీ చదివాను. అతను మీసం కింద ఏదో నవ్వుకుని, ముందుకొచ్చి వేలిముద్ర వేశాడు.

మర్నాడు పొద్దున గేటు దగ్గర నీళ్ళామె ఒక బండ మీద కూర్చుంది. పక్కన కొత్త కుండ. నా సస్పెన్షన్ ముగిసి నేను నా బల్ల దగ్గర. వరసగా ఒక్కొక్కరూ వచ్చి నోరు తెరుస్తున్నారు.

"నువ్వు ఉల్లిగడ్డ. పో. నువ్వు పండ్లు తోముకోలా, రేపట్నుంచి తోముకోనిరా. నువ్వేంది, ఇన్ని తమలపాకులు నమిలినావు? ఆకు తీసి పారేసి నోరు తెరు. ఊఁ. భయానికి నమిలినావంతే, పో."

మేస్త్రి వచ్చాడు. ఆమె మిగతావాళ్ళకంటే ఎక్కువసేపు చూసింది. "ఏమీ ల్యా. పోన్నా" అంది. నేను సంతోషంగా హాజరు వేశాను. ఈసారి నిజమైన హాజరు.

వెనకాలే మేనేజరు సైకిలు దిగాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. "నోరు తెరు సామీ."

ఆయన ముందు నవ్వాడు, తర్వాత చుట్టూ చూశాడు, తర్వాత తెరిచాడు. ఆమె వెంటనే వెనక్కి జరిగింది. "ఏందిది?"

"అరిష్టమమ్మా. అజీర్తికి. అది మందు!" అన్నాడు ఆయన. వరసలో ఉన్న నలభై మందీ విన్నారు. "మందేనంట, రాసుకో నాయనా" అని ఆమె నా వైపు తిరిగింది. నేను రాసుకోలేదు. నిజం చెప్పే ధైర్యం అప్పుడప్పుడే వస్తోంది, మేనేజరు పేరు రాసేంత దూరం రాలేదు.

రంధ్రాలు తొలిచి సిద్ధంగా ఉన్నాయి. మందుపెట్టె తాళం తీశారు. మేస్త్రి వచ్చి ఆ పెట్టెకు రెండు బారల దూరంలో నేల మీద చతికిలబడ్డాడు. చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. ఎంతసేపటికీ లేవడు. అడిగితే, "మందు ముట్టగూడదంట గదప్పా" అన్నాడు.

నవ్వులు మొదలయ్యాయి. గడ్డపారలు కిందపడ్డాయి. మేనేజరు పరుగున వచ్చాడు. "ఏంటండీ ఇది, సమ్మెనా?"

"సమ్మె యాడిది సార్? ఒప్పందం. ఏలిముద్ర కూడా ఏసినా."

"మందంటే సారాయి అండీ బాబూ!"

"మాకు సారాయంటే సారాయి సార్. మందంటే ఇదో, ఈ పెట్టెలో ఉండేది. ముప్పై ఏండ్లుగా నన్ను మందు మేస్త్రి అంటాండారు, సారాయి మేస్త్రి అని ఎవురూ అనలా. పొద్దున మీరు తాగింది గూడా మందేనంటిరి. మీరేమో తాగొచ్చు, నేను ముట్టగూడదు. అంతే గదా రాసుండేది?"

భాయి ఉపవాసం మనిషి, నిలబడి నవ్వే ఓపిక లేక ఒక బండ మీద కూర్చుని కళ్ళు తుడుచుకున్నాడు. మేనేజరు నా వంక చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. మాట ఆయనదే, రాత మాత్రం నాది. పని ఆగిపోయింది, లారీలు రోడ్డు మీద నిలబడిపోయాయి. తప్పు రాసినవాణ్ణి నేను కాబట్టి మేస్త్రిని లేపే బాధ్యత నాదేనని అందరూ తీర్మానించారు.

నేను పోయి అతని పక్కన గొంతుకూర్చుని, "అన్నా, ఆట చాలు. మేనేజరుకు బుద్ధొచ్చింది. లే ఇంక" అన్నాను మెల్లిగా.

"ఆట కాదప్పా. చూడు" అన్నాడు.

అప్పుడు చూశాను అతని ఒళ్ళోకి. కుడిచేతిని ఎడమచేత్తో గట్టిగా అదిమిపట్టి ఉంచాడు. వదిలాడు. ఆ చెయ్యి చలిజ్వరం వచ్చినట్టు వణుకుతోంది. గబుక్కున మళ్ళీ పట్టుకున్నాడు.

"ఎడంచేతి ఏళ్ళు పోయినప్పట్నుంచీ ఇంతే. వత్తి దగ్గరికి పోతే నిలవదు. రోంత తాగితే నిలుస్తాది. ఇన్నేండ్లూ తాగే అంటించినా. ఆ పొద్దు ఆయమ్మ కుండ పగిలినాక ఇంగ తాగబుద్ధి కాలా. తాగకుండా ముడితే ఈ చేత్తో ఎవుర్నో చంపుతా." చుట్టూ చూసి గొంతు తగ్గించాడు: "మందు మేస్త్రికి మందంటే భయమని నలుగుర్లో ఎట్ల చెప్పేదప్పా? నువ్వు రాసిన కాగితం నాకు దేవుడి మాదిరి వచ్చినాది. చెడగొట్టొద్దు."

ఏడేళ్ళుగా ఆ మనిషి పేరు ఎదురుగా రోజూ గీత గీస్తున్నాను, అతని చేతుల వంక ఒక్కసారైనా సరిగ్గా చూడలేదు. సిగ్గేసింది. అదే సమయానికి నీళ్ళామె చెంబుతో వచ్చింది. ఎందుకొచ్చిందో, ఎంత విన్నదో తెలియదు. అందరికీ వీపు అడ్డంపెట్టి వంగి, చెంబు అతని చేతికివ్వకుండా తనే నోటికి అందించింది. దూరం నుంచి చూసేవాళ్ళకు మేస్త్రి మరీ దొరతనం చేస్తున్నాడనిపించింది. ఎవరో ఈల కూడా వేశారు. అతని చెయ్యి మాత్రం ఎవరికీ కనబడలేదు.

నేను లేచి మేనేజరు దగ్గరికి పోయాను. "ఒప్పందం ఒప్పందమేనండి. మందు ముట్టరాదని ఉంది. ఆయన ముట్టడు. మార్చాలంటే మళ్ళీ కూర్చోవాల్సిందే" అన్నాను. నా నోటి నుంచి ఆ మాటలు వస్తాయని నేనే అనుకోలేదు. భాయి నవ్వాపి నా ముఖంలోకి పరీక్షగా చూశాడు. ఆయనకేదో అర్థమైంది. లేచి దుమ్ము దులుపుకున్నాడు.

దారి చూపింది మాత్రం నీళ్ళామే. అందరికీ వినబడేలా అరిచింది: "ఆయప్ప చేత్తో ముట్టనంటే ముట్టడు. నోటితో చెప్పడా? యాడ తొలచల్లో, ఎంత కూరల్లో ఆయప్ప చెప్పితే, ఆయప్ప దగ్గర పదేండ్లుగా పని నేర్చినోడు ఉండాడు గదా, వాడు ముట్టల్ల. దీనికింత పంచాయితీనా?"

మేనేజరు లారీల వంక చూశాడు, ఎండ వంక చూశాడు. సరేనన్నాడు. "కూలి మాత్రం తగ్గదు సార్" అన్నాడు భాయి వెంటనే. "ముట్టకుండా పనిచేసేదే కష్టం." ఆ పూట మేస్త్రి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, బండను చెవితో విని, నోటితో చెప్పాడు. అతని శిష్యుడు కూరి అంటించాడు. రాయి చెప్పినచోట చెప్పినట్టే విడిపోయింది. ఒక్క పెంకు కూడా నీళ్ళ పందిరి వైపు రాలేదు.

వారం తర్వాత ఆఫీసరు మళ్ళీ బస్సెక్కి రావాల్సి వచ్చింది. ఆ వాక్యం కొట్టేసి, "గేటు వద్ద నియమితురాలైన వ్యక్తికి నోటి వాసన తగిలినవారు" అని రాసుకున్నాం. ఏ వాసన, ఎక్కడిది అన్న ప్రశ్నే లేదు. చట్టానికీ బాధ లేదు, మజ్జిగకూ బాధ లేదు. దాని కింద భాయీ నేనూ పట్టుబట్టి ఇంకో వాక్యం చేర్పించాం: "మందు పెట్టే పనికి మనసు ఒప్పని రోజున ఎవరైనా పక్కకు తప్పుకొనవచ్చును. వారిని కారణం అడుగరాదు, కూలి తగ్గింపరాదు." మేనేజరు ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివి, దూరంగా చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డ మేస్త్రి వంక చూశాడు. కారణం అడగలేదు. సంతకం పెట్టాడు. అందుకే ఆయన చెడ్డవాడు కాడని ముందే చెప్పాను. గేటుకు వచ్చేముందు మాత్రం ఆయన అరిష్టం తాగడం మానేసి సోంపు నమలడం మొదలుపెట్టాడు.

మేస్త్రి తాగుడు ఆ రోజుతో మానేశాడని రాస్తే మీరు నమ్మరు, నమ్మొద్దు కూడా. తర్వాత రెండుసార్లు నీళ్ళామె ముక్కుకు దొరికాడు. ఒకసారి పీర్ల పండగ మర్నాడు, ఒకసారి ఏ కారణం లేకుండానే. ఆ రెండోసారి ఆమె అతన్ని వంకలోకి పోనివ్వకుండా తన పక్కనే బండ మీద పొద్దుగూకే దాకా కూర్చోబెట్టింది. చెత్తరాయి మోయడం కంటే అదే పెద్ద శిక్ష అని మేస్త్రి వాపోయాడు. మూడోసారి దొరకలేదు. యూనియన్ నోరు మూసుకోవాల్సిన అవసరం రాలేదు.

చర్చలకు పోయే పిల్లలకు నేను చెప్పేది పెద్దగా ఏమీ లేదు. కాగితం మీద ఒక మాట రాసేముందు ఆ మాటను పనిచేసేవాడి నోట ఒకసారి పలికించి వినండి. గొట్టం పెట్టుకుంటే పెట్టుకోండి. కానీ కారణం అడగరాదన్న ఆ వాక్యం మాత్రం ఎలాగైనా రాయించుకోండి. మా గనిలో దాన్ని వాడుకున్నవాళ్ళు తర్వాత కూడా ఉన్నారు. వాళ్ళెవరో నేను చెప్పను.

చాలా ఏళ్ళకు, అరవైలు ముగుస్తున్నప్పుడు, మేస్త్రి దగ్గుతో ఆసుపత్రిలో చేరాడు. ఆ రాతిదుమ్ము ఎవరినీ ఊరికే వదలదు. నీళ్ళామె, నేను కలిసి బస్సులో చూడబోయాం. మనిషి సగమయ్యాడు. నర్సమ్మ గిన్నెలో మందు పోసుకుని వచ్చి బతిమాలుతోంది. అతను నోరు బిగించుకుని పడుకున్నాడు. రెండు రోజులుగా ఇదే వరస అట.

"తాగన్నా, ఎందుకీ మొండితనం?" అన్నాను.

కళ్ళు తెరిచి నన్ను గుర్తుపట్టాడు. మీసం కింద ఆ పాత నవ్వే. "ముట్టగూడదప్పా. నువ్వే గదా రాసినావు" అన్నాడు.

ఆ వాక్యం కొట్టేశామని నేను చెప్పేలోపే నీళ్ళామె నర్సమ్మ చేతిలోంచి గిన్నె అందుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుని, గేటు దగ్గర చూసినంత శ్రద్ధగా వాసన చూసింది.

"ఇది ఒట్టి మందేన్నా. నోరు తెరు" అంది.

ఆమె మాటకు అప్పీలు లేదని మా గనిలో అందరికీ తెలుసు. మేస్త్రి నోరు తెరిచాడు.